వానలో తడిసిన గొర్రె ఎందుకు కుంచించుకుపోదు?

చలికాలం పోయాక స్వెటర్లు ఉతికి బీరువాలో దాచే రోజుల్లో కొన్ని ఇళ్ళల్లో ఒక చిన్న ప్రమాదం జరుగుతుంటుంది. వాషింగ్ మెషీన్‌లో వేసిన ఉన్ని స్వెటర్, వేసినప్పుడు నాన్నది, తీసేసరికి తమ్ముడిది అవుతుంది. దళసరిగా, బిరుసుగా, అల్లిక కళ్ళు కూడా కనిపించనంతగా అట్టకట్టి ఉంటుంది. "వేడినీళ్ళకు కుంచించుకుపోయింది" అని పెద్దవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. అక్కడే ఉన్న పిల్ల ఊరుకోదు. "మరి గొర్రె వానలో తడిస్తే ఎందుకు కుంచించుకుపోదు?" అంటుంది. అందరూ నవ్వుతారు.

నవ్వి వదిలేయాల్సిన ప్రశ్న కాదు అది. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే మధ్య ఆసియా కొండ గ్రామాల తివాచీలు, టెన్నిస్ బంతి మీది నూగు, పిల్లలతో కూర్చుని సబ్బునీళ్ళతో చేసుకోగల ఉన్ని బంతి, అన్నీ దారిలోనే తగులుతాయి.

ముందుగా పెద్దల తీర్పును సవరించాలి. అసలు దోషి వేడినీళ్ళు కాదు. గొర్రె మీంచి కత్తిరించిన ముడి ఉన్నిని మిల్లుల్లో శుభ్రం చేసేటప్పుడు 60 డిగ్రీల దరిదాపుల్లో ఉన్న నీళ్ళలోనే ముంచుతారు. వీలైనంత తక్కువ కదుపుతారు, అంతే తేడా. అప్పుడు అది అట్టకట్టదు. స్వెటర్‌ను పాడుచేసింది మెషీన్ కుదుపు. వేడి దానికి తోడుపోయింది.

పొలుసులున్న పోగు

ఉన్ని పోగు కెరాటిన్ అనే మాంసకృత్తుతో తయారవుతుంది. మన జుట్టు, గోళ్ళు, ఆవు కొమ్ము కూడా అదే సరుకు. మేలురకం మెరినో ఉన్ని పోగు మందం సుమారు 20 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక ఇంతకు మూడు నాలుగు రెట్లు లావు. నూలు పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే మెలిపడిన రిబ్బనులా కనిపిస్తుంది. పట్టు పోగు నున్నగా ఉంటుంది. ఉన్ని పోగు మాత్రం ఒంటినిండా పొలుసులు కప్పుకుని ఉంటుంది. ప్రతి పొలుసూ తరవాతి పొలుసు మీదికి కాస్త జరిగి ఉంటుంది. అన్నిటి అంచులూ ఒకే దిక్కుకు, మొదలు నుంచి కొస వైపుకు తిరిగి ఉంటాయి.

ఇలా ఉంటే ఏమవుతుందో తెలియడానికి ఉత్తరేణి మొక్క చాలు. వినాయక చవితి పత్రిలో అపామార్గం అంటారే, అదే. పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో ఎక్కడైనా ఉంటుంది. దాని వెన్నును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఒక దిక్కుకు నిమిరితే నున్నగా జారుతుంది. ఎదురు దిక్కుకు నిమిరితే గింజల మొనలు గుచ్చుకుంటాయి. గింజలన్నీ ఒకే వైపు వంగి ఉండడమే కారణం. ఆ వెన్నును చొక్కా చేతిలోకి దూర్చుకుని నాలుగడుగులు నడవండి. చెయ్యి ముందుకూ వెనక్కూ సమానంగానే ఊగుతుంది. వెన్ను మాత్రం జారగలిగిన దిక్కుకే జారుతుంది, రెండో దిక్కుకు రమ్మంటే బట్టను పట్టుకుని ఆగిపోతుంది. అటూ ఇటూ సాగే ఊపును ఒకే దిక్కు ప్రయాణంగా మార్చేసేది ఆ వంగిన మొనలే. గింజలు ఊడి చొక్కాకు అంటుకునేదాకా ఆట సాగుతుంది.

ఉన్ని పోగుదీ ఇదే కథ. దాన్ని ఎంత అటూ ఇటూ కదిపినా మొదలు ముందుగా, కొస వెనకగా, ఒకే దిక్కుకు పాకుతుంది. దీన్ని మనం ఒకవైపు రాపిడి అనుకుందాం. ఇది నిజమో కాదో తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. దువ్వెనలో చిక్కిన పొడవాటి తల వెంట్రుక ఒకటి తీసుకోండి. దానికీ పొలుసులుంటాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, వేళ్ళను వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ రుద్దండి. వెంట్రుక దానంతట అదే ఒక పక్కకు నడిచిపోతుంది. తిప్పి పట్టుకుంటే ఎదురు దిక్కుకు నడుస్తుంది. ముందు నడిచేది ఎప్పుడూ కుదురున్న కొనే. ఏడెనిమిదేళ్ళ పిల్లలకు దీన్ని ఒకసారి చూపిస్తే ఇంట్లో దువ్వెనలు ఖాళీ అయ్యేదాకా వదలరు.

ఈ కిటుకును శాస్త్రీయంగా వివరించినవాడు గాస్పార్ మోంజ్ అనే ఫ్రెంచి గణితవేత్త. టోపీలవాళ్ళు ఉన్నిని, బొచ్చును ఎలా అట్టకట్టిస్తున్నారన్న విషయం మీద ఆయన 1790లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో డ్రాయింగ్ క్లాసు పెట్టే తిప్పలకు మూలపురుషుడు కూడా ఈయనే. ఆ క్లాసులో చెప్పే జ్యామితి ఆయన కనిపెట్టిందే.

నీళ్ళు, సబ్బు, కుదుపు

పొలుసులు ఒక్కటే ఉంటే సరిపోదు. స్వెటర్ రోజూ వేసుకుంటాం, రాసుకుంటూనే ఉంటుంది, అయినా అరచేతంత అయిపోదు. చంకల కింద కాస్త ఉండలు కడుతుందంతే. అట్టకట్టడం జోరందుకోవాలంటే పోగు తడవాలి.

ఇక్కడ ఉన్నికి ఒక విచిత్ర స్వభావం ఉంది. గాలిలోని తేమను అది తన బరువులో సుమారు 30 శాతం దాకా లోపలికి పీల్చుకుని, పట్టుకుంటే పొడిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ నీటిచుక్క నేరుగా పడితే మాత్రం వెంటనే పీల్చదు. పోగు పైపొరకు నీళ్ళంటే గిట్టదు, చుక్క ముత్యంలా పైనే నిలుస్తుంది. సబ్బు చేసే మొదటి పని ఆ చుక్క బిగువును తీసేసి నీళ్ళను లోపలికి పంపడం. లోపలికి నీళ్ళు చేరిన పోగు అడ్డంగా సుమారు 16 శాతం ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, సాగే గుణం పెరుగుతుంది. వేడి ఈ పనులన్నిటినీ త్వరపెడుతుంది. సబ్బు రెండో పని, పోగులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారేలా చేయడం.

ఇప్పుడు పిసకండి. పిసికినప్పుడు పోగు సాగి, దాని మొదలు ముందుకు జరుగుతుంది. వదిలినప్పుడు పోగు మళ్ళీ ముడుచుకోవాలి. మొదలు వెనక్కి రాలేదు, పొలుసులు పక్క పోగులను పట్టుకుంటాయి. అందుకని కొసే ముందుకు వస్తుంది. మళ్ళీ పిసికితే మళ్ళీ ఒక అడుగు. గుప్పెడు ఉన్నిలో వేలాది పోగులుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు ముఖం పెట్టి పడి ఉంటుంది. అన్నీ తమ తమ దిక్కులకు పాకుతూ ఒకదాని చుట్టూ ఒకటి చుట్టుకుపోతాయి. మధ్యలో ఉన్న గాలి బయటికి పోతుంది, ముద్ద చిన్నదై గట్టిపడుతుంది. దారం లేదు, మగ్గం లేదు, సూది లేదు, బట్ట తయారైంది. దీన్నే ఫెల్ట్ అంటారు. హిందీ ప్రాంతాల్లో, కశ్మీరులో నమ్దా అంటారు.

వేడినీళ్ళలో పొలుసులు పువ్వు రేకుల్లా విచ్చుకుని, చల్లబడగానే కొక్కేల్లా మూసుకుంటాయని హస్తకళల పుస్తకాల్లో తరచు రాస్తుంటారు. పిల్లలకు చెప్పడానికి అందంగానే ఉంటుంది గానీ, అసలు పని చేస్తున్నది తెరుచుకోవడం మూసుకోవడం కాదు, ఒకవైపు ప్రయాణం. విచ్చుకుని మూసుకోవడమే అయితే మళ్ళీ వేడినీళ్ళలో వేస్తే ఊడిపోవాలి కదా! ఊడదు. వెనక్కి నడవలేని పోగులు ముడి విప్పుకోలేవు. కుంచించుకుపోయిన స్వెటర్‌కు కండిషనర్ రాసి సాగదీసేవాళ్ళుంటారు. కాస్త వదులవుతుందేమో గానీ పాత స్వెటర్ తిరిగి రాదు. దానికంటే కత్తెర తీసుకోవడం మేలు. అట్టకట్టిన బట్టను ఎటు కత్తిరించినా అంచు పీకదు, కుట్టు వేయక్కర్లేదు. చేతి ముక్కతో పెన్సిళ్ళ సంచీ, వీపు ముక్కతో వేడి గిన్నెలు దించుకునే అట్టలు పిల్లలే చేసుకోగలరు.

కొన్ని ఉన్ని బట్టల మీద మెషీన్‌లో ఉతకవచ్చని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు. సూపర్‌వాష్ అనే పద్ధతిలో క్లోరిన్‌తో పొలుసుల అంచులను అరగదీసి, పైన పలచని ప్లాస్టిక్ లాంటి పూత పూస్తారు. పొలుసు పోయిందంటే ప్రయాణమూ పోయినట్టే.

గొర్రె సంగతి

ఇక పిల్ల ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. గొర్రె ఒంటి మీద పోగుల మొదళ్ళన్నీ చర్మంలో పాతుకుని ఉన్నాయి. ముందుకు నడవాల్సింది మొదలే, అది కదలలేదు. పైగా పక్కపక్కనున్న పోగులన్నిటికీ కొసలు ఒకే వైపు ఉన్నాయి, ఒకదాన్నొకటి ఎదిరించే పని లేదు. వీటికి తోడు గొర్రె చర్మం నుంచి లానొలిన్ అనే మైనం లాంటి జిడ్డు ఊరి ప్రతి పోగుకూ పూతలా పడుతుంది. పెదవులకు రాసుకునే బామ్‌లలో, చర్మానికి రాసుకునే క్రీములలో కలిపేది దీన్నే. కనక వానకు గొర్రె తడుస్తుంది, దులుపుకుంటుంది, వెళ్ళిపోతుంది.

ఈ రక్షణ ప్రతిసారీ గట్టిగా నిలవదు. గొర్రె జబ్బుపడ్డా, మేత చాలక నీరసించినా కొన్ని పోగులు కుదుళ్ళ దగ్గర ఊడిపోతాయి. ఊడిన పోగుకు మొదలు స్వేచ్ఛగా ఉంటుంది, పాకడం మొదలుపెడుతుంది. అలాంటి గొర్రెల ఉన్ని ఒంటి మీదే చాపలా అట్టకడుతుంది. ఉన్ని వ్యాపారులు దాన్ని వేరు చేసి తక్కువ ధర కడతారు. పిల్ల అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు అందువల్ల ఇదీ: ఆరోగ్యంగా ఉన్న గొర్రె కుంచించుకుపోదు.

పిల్లలతో ఒక బంతి

ఇంత తెలిశాక చేతులు తడుపుకోకపోతే ఈ అధ్యాయం చదివి లాభం లేదు. మొదట బంతితో మొదలుపెట్టడం మంచిది. నాలుగైదేళ్ళ పిల్లలకు కూడా వస్తుంది, చెడిపోయినా మళ్ళీ కాస్త ఉన్ని చుట్టి సరిదిద్దవచ్చు.

అన్నిటికంటే ముందు సరుకు పరీక్షించాలి. మన ఊళ్ళలో దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మే రంగురంగుల ఉండల్లో ఎక్కువ భాగం అక్రిలిక్. దానికి పొలుసుల్లేవు, ఎంతసేపు రుద్దినా బంతి కాదు. పిల్లలు తమ చేతులదే తప్పనుకుని నీరసపడతారు. పెద్దవాళ్ళెవరైనా చిన్న పోగును పట్టకారుతో పట్టుకుని మంటకు చూపిస్తే సంగతి తేలిపోతుంది. ఉన్ని వెంట్రుక కాలిన కంపు కొట్టి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే బూడిదవుతుంది. అక్రిలిక్ కరిగి నల్లని గట్టి పూస అవుతుంది. వడకని, దువ్విన మెరినో ఉన్నిని హస్తకళల సామాను అమ్మేవాళ్ళ దగ్గర గ్రాముల లెక్కన కొనవచ్చు. సూపర్‌వాష్ కాదని అడిగి మరీ తీసుకోండి.

ఉన్నిని కత్తెరతో కత్తిరించకుండా వేళ్ళతో పలచని పాయలుగా లాగమనండి. ఒక పాయను ఉండగా చుట్టి, దాని మీద రెండో పాయను అడ్డంగా, మూడోదాన్ని ఏటవాలుగా చుట్టాలి. ఎందుకిలా దిక్కులు మార్చడం? పోగు తన పొడవునే పాకుతుంది, కనక ముద్ద కూడా పోగుల దిక్కుకే ఎక్కువ కుంచించుకుపోతుంది. అన్నీ ఒకే దిక్కుకు చుడితే బంతి ఒక పక్క బిగిసి మరో పక్క పగుళ్ళిస్తుంది. కాస్త పెద్ద పిల్లలైతే దీన్ని స్కేలు పెట్టి కొలవమనండి. ఒకే కొలతతో రెండు చదరాలు పరచాలి, ఒకదానిలో పాయలన్నీ నిలువుగా, రెండోదానిలో ఒక వరస నిలువు ఒక వరస అడ్డం. రెండిటినీ ఒకేలా రుద్ది, ఆరాక మళ్ళీ కొలిస్తే మొదటిది ఎటు పొట్టిదయిందో వాళ్ళకే తెలుస్తుంది.

చెయ్యి పట్టగలిగినంత వేడి నీళ్ళు, స్నానం సబ్బు చాలు. ఉండను ముంచి తీసి, అరచేతుల మధ్య పెట్టుకుని, నొక్కకుండా తిప్పాలి. పిల్లలకు కష్టమైన భాగం ఇదే, వాళ్ళ చేతులు నొక్కేయాలని చూస్తాయి. పైపొర పోగులు లోపలి పోగులతో ముడిపడకముందే నొక్కితే ఉండ మీద మడత పడుతుంది, ఆ మడత అలాగే అట్టకట్టి పగులులా మిగిలిపోతుంది. పైన పలచని చర్మం కట్టినట్టు తగిలాక కొంచెం కొంచెంగా ఒత్తిడి పెంచవచ్చు. చివర్లో బల్ల మీద పెట్టి దొర్లించినా, నేలకేసి కొట్టినా పరవాలేదు. నురగ మరీ ఎక్కువైతే పోగులు ఒకదానికొకటి అందకుండా తేలిపోతాయి, కాస్త పిండేసి కొనసాగించండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో వేళ్ళకు తేడా తెలుస్తుంది: మెత్తని ముద్ద కాస్తా గట్టి గింజవుతుంది. చల్లటి నీళ్ళలో సబ్బంతా పోయేలా కడిగి నీడన ఆరబెడితే లోపలిదాకా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

సబ్బు బదులు కుంకుడు రసం వాడితే? ఉన్ని శాలువాలు కుంకుడు రసంతో ఉతకడం ఉత్తరాదిలో పాత అలవాటే. వట్టి నీళ్ళు, సబ్బునీళ్ళు, కుంకుడు రసం, మూడు గిన్నెలు పెట్టి, ఒకే తూకం ఉన్నితో ముగ్గురు పిల్లలు ఒకేసారి మొదలుపెడితే మంచి పందెం అవుతుంది. కళ్ళలో పడకుండా చూసుకోవాలి, అంతే.

సూదితో చేసే పద్ధతి మరొకటుంది. ఆ సూది అంచుల్లో చిన్న చిన్న గాట్లుంటాయి, పొడిచిన ప్రతిసారీ కొన్ని పోగులను లోపలికి తోసి, అక్కడే వదిలి వస్తాయి. నీళ్ళక్కర్లేదు, పొలుసులతో పని లేదు. అందుకే ఫ్యాక్టరీల్లో పాలియెస్టర్‌ను కూడా ఇలా వేలాది సూదులతో పొడిచి కార్ల లోపల పరిచే తివాచీలు చేస్తారు. బొమ్మలు దీనితో ముచ్చటగా వస్తాయి. కానీ సూది చాలా పదునైనది, పొడిచేటప్పుడు కళ్ళు దాని మీదే ఉండాలి. ఎనిమిదేళ్ళు దాటని పిల్లలకు నేనైతే ఇవ్వను. ఆ మాట అటుంచి, నీళ్ళ పద్ధతిలో పిల్లల చేతికి తెలిసే మార్పు సూదిలో తెలియదు.

చాప మీద ఉన్ని, చాప చుట్టూ కుటుంబం

ఈ పనికి ఎంత వయసుందో చెప్పే సాక్ష్యం సైబీరియా దక్షిణాన ఆల్టాయ్ కొండల్లో దొరికింది. పజిరిక్ అనే చోట ఉన్న సమాధులను సెర్గీ రుదెంకో 1947 నుంచి 1949 దాకా తవ్వాడు. సమాధుల్లోకి ఇంకిన నీరు గడ్డకట్టి, రెండు వేల ఏళ్ళకు పైగా కరగకుండా ఉండిపోయింది. మామూలు మట్టిలో ఎప్పుడో పురుగులు తినేసే ఫెల్ట్ అక్కడ రంగులతో సహా నిలిచింది. అందులో గుర్రపు రౌతు బొమ్మలున్న పెద్ద గోడతెర ఉంది, లోపల బొచ్చు కూరి చేసిన హంస బొమ్మలున్నాయి. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్ హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ హంసను చూసి పిల్లల బొమ్మే అనుకుంటాం.

కిర్గిజ్‌స్తాన్ కొండ గ్రామాల్లో ఈ పని ఇంకా ఇంటి పనే. అలా కియిజ్ అనే తివాచీ చేయాలంటే, గట్టి గడ్డి కాడలతో అల్లిన చాప పరిచి, దాని మీద రంగు ఉన్నితో బొమ్మ కట్టి, వేడినీళ్ళు చల్లి, చాపతో సహా చుట్టి తాళ్ళతో బిగిస్తారు. ఆ చుట్టను కాళ్ళతో తొక్కుతూ దొర్లిస్తారు. తరవాత విప్పి మోచేతులతో ఒత్తుతారు. ఒకరిద్దరి వల్ల అయ్యేది కాదు. పెద్ద వయసు ఆడవాళ్ళు ముందుండి నడిపిస్తే ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగూ చెయ్యేస్తారు, పని నేర్చుకోవడం కూడా అక్కడే జరుగుతుంది. షిర్దక్ అనే రెండో రకం తివాచీకి రెండు రంగుల ఫెల్ట్‌లను ఒకే నమూనాకు కత్తిరించి ఒకదానిలో ఒకటి పొదిగి కుడతారు. చవక కృత్రిమ తివాచీల పోటీకి ఈ రెండు కళలూ తగ్గిపోతుండడంతో యునెస్కో 2012లో వీటిని తక్షణం కాపాడాల్సిన వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదే పని ఫ్యాక్టరీల్లోకి వెళ్ళినప్పుడు ఒక చేదు అధ్యాయం నడిచింది. టోపీలకు వాడే కుందేలు బొచ్చు ఉన్నిలా సులువుగా అట్టకట్టదు. దాన్ని దారికి తేవడానికి పాదరసం కలిసిన ద్రావణం పూసేవాళ్ళు. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్ళకు చేతులు వణికేవి, మతి చెదిరేది. అమెరికాలో ఈ వాడకం ఆగింది 1941లో. ఇప్పటి ఫెల్ట్ అలాంటిదేం కాదు. టెన్నిస్ బంతి పైపొర, పియానో తీగలను తాకే సుత్తుల తలలు, రెండూ ఉన్ని ఫెల్టే. బంతి పొరలో నైలాన్ కూడా కలుపుతారు.

మన ఉన్ని

తెలుగు నేల మీద ఉన్నికి వేరే దారి దొరికింది. తెలంగాణ, రాయలసీమల్లో కురుమలు, కురుబలు దక్కనీ గొర్రెల నల్ల ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గొంగడి నేస్తారు. అది నేసిన బట్ట, ఫెల్ట్ కాదు. కానీ చినుకు పడితే నీళ్ళు జారిపోయే ఆ గుణం, పైన చెప్పుకున్న పోగు పైపొరదే. ఇక్కడే నెల్లూరు జాతి గొర్రెలు కూడా ఉన్నాయి. వాటికి ఉన్ని ఉండదు, పొట్టి బొచ్చే. మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్నికి ధర పడిపోయి, చాలా మందల్లో దక్కనీ గొర్రె చోటును బొచ్చు గొర్రె తీసుకుంటోంది.

దక్కనీ ఉన్ని ముతక. ముతక పోగు మెరినో అంత చురుగ్గా అట్టకట్టదు, గుచ్చుకుంటుంది కూడా. మెడకు చుట్టుకునేవాటికి పనికిరాదు, బంతి లోపలి ముద్దకు, కూర్చునే పట్టాకు బాగా పనికొస్తుంది. లోపల దక్కనీ, పైన పలచగా మెరినో చుడితే ఖర్చూ తగ్గుతుంది. మీ చుట్టుపక్కల ఇంకా దక్కనీ మంద ఉంటే, కత్తిరింపు ఎప్పుడో కాపరిని అడిగి పిల్లలను తీసుకెళ్ళండి. చాలాచోట్ల కత్తిరించిన కూలికి కూడా ఆ ఉన్ని ధర సరిపోవడం లేదు, కొన్నిచోట్ల పారేస్తున్నారు కూడా. పారేసేదే కదా అని ఊరికే అడగకండి, డబ్బిచ్చి కొనండి. ఇంటికి తెచ్చాక ముళ్ళు, పేడ ఏరేసి, వేడి సబ్బునీళ్ళలో నానబెట్టే పని పెద్దవాళ్ళదే. ఆ నీళ్ళలో మాత్రం దాన్ని పిసక్కండి.